పోపుగారి బంధువులతో సింగపూర్‌లో నాలుగు రోజులు

సింగపూర్ నుంచి వచ్చి మూడు వారాలైంది. స్టాఫ్‌రూములో ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఏం చూశారు మేడమ్ అని. సింహం నోట్లోంచి నీళ్ళు పడే బొమ్మ చూశారా అంటారు. చూడలేదు. మూడు మేడల మీద ఓడ పెట్టినట్టుండే హోటలు? దాన్నీ చూడలేదు. మరి నాలుగు రోజులు ఏం చేశారండీ అంటే, ఇటలీ గురించి పోట్లాడి వచ్చానని చెబుతున్నాను. నవ్వుతున్నారు. నేను నవ్వులాటకి చెప్పడం లేదు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు భ్రమరాంబ. తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. రోములో ఒకప్పుడు వెలిగిన బర్బెరీని అనే కుటుంబం మీద పదేళ్ళు కూర్చుని ‘మూడు తేనెటీగలు’ అని ఓ పుస్తకం రాశాను. అసలు వాళ్ళు ఒక పల్లెటూరి నుంచి ఫ్లోరెన్సు చేరి బట్టల వ్యాపారం చేసుకున్నవాళ్ళు. పాత ఇంటిపేరుకి అర్థం జోరీగలు. ఇంటి గుర్తూ జోరీగలే. డబ్బు చేరాక ఊరి పేరు తగిలించుకున్నారు, జోరీగల్ని తేనెటీగలుగా మార్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన పోపయ్యాడు. ఇక చూడండి, అన్నని కార్డినల్‌ని చేశాడో తమ్ముణ్ణి చేశాడో మనవాళ్ళకి గుర్తుండదని పుస్తకంలో వంశవృక్షం కూడా వేశాను. తమ్ముణ్ణే చేశాడు. అన్న కొడుకులు ముగ్గురిలో ఇద్దరికి ఎర్ర టోపీలు పెట్టి కార్డినల్స్ చేశాడు, మూడోవాడికి రాజ్యం, సైన్యం ఇప్పించాడు. మన వరసల్లో చెప్పాలంటే బాబాయి పోపయ్యాడు, పిల్లల పంట పండింది.

ఈ పిచ్చి వల్ల విద్యార్థులు నన్ను వెనకాల పోపులడబ్బా అంటారని నాకు తెలుసు. అననివ్వండి. అచ్చువేసిన కాపీలు చాలావరకు మా మంచం కిందే ఉన్నాయన్నది వేరే సంగతి.

అలాంటిది, కిందటేడు చివర్లో సింగపూర్‌లోని ఒక తెలుగు సాహితీ బృందం నుంచి ఉత్తరం వచ్చింది. మీ గ్రంథం మా సభ్యులను ఎంతగానో ఆలోచింపజేసింది, మీరు వచ్చి మాట్లాడాలి అని. ఆ ఉత్తరాన్ని ప్రింటు తీయించి స్టాఫ్‌రూము నోటీసుబోర్డుకి గుచ్చాను. మా కాలేజీలో గుమాస్తా పోస్టు దగ్గర్నుంచి వార్షికోత్సవానికి ముఖ్య అతిథి దాకా ప్రతిదీ ఎవరో ఒకరి తాలూకు. నన్ను మాత్రం ఎవరి సిఫార్సూ లేకుండా, పుస్తకం చదివి, సముద్రం అవతలి నుంచి పిలిచారు. ఈ మాట నేను మెల్లగా చెప్పలేదు. అటెండరుకి కూడా వినబడేట్టు చెప్పాను.

విమానంలో జంతికలు

పక్క సీట్లో గుంటూరావిడ. కూతురి పురిటికి వెళ్తోందట. బెల్టు పెట్టుకోకముందే జంతికల డబ్బా తీసి నా ముందు పెట్టి, నేను రెండోది నోట్లో వేసుకునేలోపు అడిగేసింది, “మీరు ఎవరి తాలూకండీ?”

“నా తాలూకేనండీ,” అన్నాను.

ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. నాలుగు గంటలు మాటల్లేవు, జంతికల్లేవు. అడిగిన తీరు చూడండి, ఏం చదివావు, ఏం చేస్తావు అని కాదు. మనిషికి వెనక మరో మనిషి లేకపోతే మనవాళ్ళకి ఆనదు.

యూ టీ

మా అన్నయ్య కొడుకు ఫణి ఎయిర్‌పోర్టుకి వచ్చాడు. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు, సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, యూ టీలో ఫ్లాటు. ఆహ్వానం వచ్చిందని నేను ఫోన్ చేసి చెప్పినప్పుడు, “అవునా అత్తా, భలే,” అన్నాడు. ఆ ‘అవునా’ని గుర్తుపెట్టుకోండి.

వాళ్ళది పదకొండో అంతస్తు. లిఫ్టులో ఇది చెయ్యకు, అది చెయ్యకు అని బొమ్మలు. రైల్లో తినకు, తాగకు, కంపుకొట్టే ముళ్ళపండు తేకు అని బొమ్మలు. ఇంతమందికి ఇన్ని చెప్పాల్సి వచ్చిందంటే ఒకప్పుడు ఇవన్నీ చేసినవాళ్ళేగా అంటే ఫణి గట్టిగా మాట్లాడకు అత్తా అన్నాడు. దానికి మాత్రం బొమ్మ లేదు.

వాడి కూతురు సాన్వికి తొమ్మిదేళ్ళు. వరస ప్రకారం నేను దానికి అమ్మమ్మని. అది నన్ను ఆంటీ అంది. లిఫ్టులో ఎక్కిన చైనా ముసలావిడనీ ఆంటీ అంది, కింద కాఫీ పోసే ఆవిడనీ ఆంటీ అంది. మనం ఎంతో కష్టపడి పిన్ని, పెద్దమ్మ, మేనత్త, అమ్మమ్మ అని గదులు కట్టుకుంటే వీళ్ళు గోడలన్నీ కొట్టేసి హాలు చేసిపడేశారు.

సాయంత్రం కింద కాఫీ తాగాం. అక్కడ కోపీ అంటారు. డాలరున్నర. చిక్కటి తీపి పాలు అడుగున పోసి పైన నల్లటి డికాషన్. మన కాఫీతో పోల్చకపోతే బాగానే ఉంటుంది, నేను పోల్చాను. పిల్ల నా పుస్తకం దేని గురించి అని ఇంగ్లీషులో అడిగితే బాబాయి, అన్న కొడుకుల కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, “దట్స్ సో అన్‌ఫెయిర్ లా, ఆంటీ,” అంది. ఆ ‘లా’ అక్కడివాళ్ళు మాట చివర తగిలించే తోక. చూశావా, తొమ్మిదేళ్ళ పిల్లకి తెలిసింది అని ఫణి వైపు తిరిగాను. వాడు ఫోన్‌లో తల దూర్చి ఉన్నాడు.

ఆంగ్ మో కియోలో టిష్యూ ప్యాకెట్టు

మర్నాడు సాహితీ బృందం కార్యదర్శి రత్నమాల గారు ఆంగ్ మో కియోకి రమ్మంది. చిత్తూరు జిల్లా మనిషి, పాతికేళ్ళ నుంచి అక్కడే. మాటలో సగం తమిళం, చివర్లో కాస్త మలయ్. మనిషి మంచిది. ఆ మంచితనమే నన్ను ఎక్కువ విసిగించింది, కోప్పడ్డానికి చోటివ్వదు.

మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. నలభై కొట్లు, వందల బల్లలు, ఒక్క ఫ్యానుకీ గాలి లేదు. ఆవిడ భోజనం తేవడానికి వెళ్తూ ఎక్కడైనా కూర్చోండి అంది. ఒక బల్ల ఖాళీగా ఉంది, దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్టు. రైలు చలికి నా ముక్కు అప్పటికే కుళాయిలా ఉంది. రెండు కాగితాలు లాగి, శుభ్రంగా చీది, కూర్చున్నాను.

ట్రే పట్టుకుని ఒక చైనా ముసలావిడ వచ్చి నిలబడింది. నన్ను చూసింది, ప్యాకెట్టుని చూసింది. తర్వాత తెలిసింది, అది మరిచిపోయింది కాదు. అక్కడ సీటు ముందుగా పట్టుకోవాలంటే టిష్యూ ప్యాకెట్టు పడేసి వెళ్తారు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. పెట్టాక ఇక ఎంత గుంపున్నా ఎవరూ కూర్చోరు. బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసే జాతిలో పుట్టి నాకీపాటి తట్టలేదు. మన దగ్గర కర్చీఫుని పక్కకి తోసి కూర్చునే హక్కు కూడా ఉంది కదా, అందుకని.

నేను ఊరుకోలేదు. మనిషి లేకుండా సీటు ఎలా నిండుతుందమ్మా, ముందొచ్చి నిలబడ్డవాళ్ళ సంగతేమిటి అని ఇంగ్లీషులో వాదించాను. రత్నమాల గారు పరిగెత్తుకొచ్చి సారీ ఆంటీ, సారీ ఆంటీ అంటోంది. ముసలావిడ నేను ముగించేదాకా ఆగి, ప్యాకెట్టుని నా వైపు తోసింది. “యూ కీప్ లా. యువర్ నోస్ వెరీ బ్యాడ్.” ఎదురుగా కూర్చుని నూడుల్స్ తినేసి వెళ్ళిపోయింది. నాకు వచ్చిన శాకాహారం ప్లేటులో పిండితో చేసిన పంది మాంసం ముక్కలున్నాయి. మాంసం మానేసినవాళ్ళకి మాంసం వేషం ఎందుకో నాకు అర్థం కాలేదు. అది కూడా తిన్నాను.

అక్కణ్ణుంచి కాఫీకి వాళ్ళింటికి. తలుపు బయట వరండాలో చెప్పుల పక్కన ఒక అట్టపెట్టె, దాని మీద కరివేపాకు కుండీ. పెట్టె మీది చేతిరాత మా అటెండరుది. అడ్డంగా, నిలువుగా నేనే బిగించిన పురికొస, నేను వేసిన ముడి. నాలుగు నెలల క్రితం పంపిన పాతిక పుస్తకాలు. కుండీ నీళ్ళు కారి ఒక మూల అట్ట ఉబ్బింది.

“ఇది తెరవలేదాండీ?” అన్నాను.

“ఎక్కడ తీరింది మేడమ్, శనివారం హాల్లో తెరిచేస్తాం, సరేనా.”

“మరి సభ్యులంతా చదివారని ఉత్తరం రాశారు.”

“ఆ ఉత్తరమా, మీ ఫణి రాసిచ్చినాడు, నేను సంతకం పెట్టినాను.” కాఫీ గ్లాసు చేతిలో పెడుతూ నవ్వింది. “ఆరునెల్ల ముందే మీకు సీటు చోప్ చేసి పెట్టినాడు మేడమ్. మంచి పిల్లోడు. ఫణి తాలూకని చెప్పకపోతే మీరెవరో మాకెట్లా తెలిసేది?”

ఆవిడ దృష్టిలో అది మెచ్చుకోలు. ఆ ఊపులోనే, పోపుల గోల జనానికి బరువవుతుంది, విదేశాల్లో తెలుగు వెలుగు అని ఏదైనా చెప్పండి అని కూడా అంది. నేను కాఫీ తాగాను. అందులో చక్కెర ఉందో లేదో ఈ రోజుకీ చెప్పలేను.

ఆంగ్ మో కియో నుంచి యూ టీకి ఒకే రైలు, ఎక్కడా మారక్కర్లేదు, చిన్నపిల్లలు కూడా వెళ్తారని ఫణి చెప్పాడు. నేను ఎదురు దిక్కు రైలెక్కాను. నొవీనా అనే స్టేషను దాటాక గాని తెలియలేదు. అక్కడ తెనాలిలో నోటీసుబోర్డు మీద నా ఆహ్వానం గుచ్చి ఉంది. దాన్ని రాసింది నా మేనల్లుడు. అన్న కొడుకులకి టోపీలు పెట్టాడని ఒక ముసలాయన్ని రెండు వందల పేజీల్లో ఉతికి ఆరేసిన నేను, మేనల్లుడు పెట్టిన టోపీ పెట్టుకుని సముద్రం దాటి వచ్చాను.

సైన్స్ పార్క్‌లో భోజనం

ఇంట్లో పిల్ల ముందు తగాదా ఎందుకని శుక్రవారం మధ్యాహ్నం ఫణి ఆఫీసుకే వెళ్ళాను. చెట్ల మధ్య అద్దాల మేడలు, మెళ్ళో కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళు. వాళ్ళ క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడు. నేను ముద్ద ముట్టకుండా మొదలుపెట్టాను. శనివారం మాట్లాడను, టిక్కెట్టు మార్చెయ్యి, ఆ ఉత్తరం నువ్వే రాసి నాకు ‘అవునా’ అని నాటకమాడతావా అని. పక్క బల్లవాళ్ళు ట్రేలు తీసుకుని లేచారు.

వాడు మా అన్నయ్య కొడుకు, గొంతు పెంచడు. అన్నీ విని అన్నాడు, “మా బృందం కమిటీలో నీ పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అత్తా. రెండుసార్లు చదివాను. చదివిన ఒక్కడూ నీ మేనల్లుడు కావడం నా తప్పా?”

“చదివితే నీకింకా సిగ్గుండాలి.”

“అందులో ఒక వాక్యం ఉంది. ఆ పోపుకి చిన్నప్పుడే తండ్రి పోతే, తండ్రి తోడబుట్టినవాడు రోములో పెద్ద హోదాలో ఉండి తన దగ్గరికి పిలిపించుకుని చదివించి, ఆస్తి ఇచ్చి, కొలువులో పెట్టాడని. ఒక్క వాక్యం రాసి దాటేశావు. మిగతా పుస్తకమంతా ఆయన అన్న కొడుకుల్ని తిట్టావు. ఎందుకలా?”

అది ప్రధానాంశం కాదు అన్నాను. ఇరవయ్యారేళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళకి ఇలాంటి జవాబులు నోట్లోనే ఉంటాయి.

“మరి నీ ఉద్యోగం?” అన్నాడు.

నేను ప్లేటు దగ్గరికి లాక్కున్నాను.

“నాన్న చెప్పాడు. అప్పుడు కాలేజీ కార్యదర్శి మీ మేనమామ అటగా. నువ్వు దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.”

ప్లేటులో అన్నం, బీన్సు, ఏదో తెల్లటి ముక్క. మొత్తం తిన్నాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు నేను తింటాను. వాడు టీ తెచ్చి పెట్టి, మీటింగుందని వెళ్తూ, “టిక్కెట్టు మార్చాలంటే సాయంత్రంలోగా చెప్పు,” అన్నాడు. నేను చెప్పలేదు.

రిజిస్టరులో ఒక గడి

సభ యూ టీకి దగ్గర్లోనే, ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలోని ఫంక్షన్ రూములో. గేటు దగ్గర మలయ్ సెక్యూరిటీ పెద్దాయన రిజిస్టరు ముందుకి తోశాడు. పేరు, ఫోను, ఎవరి అతిథి. ఉపన్యాసకురాలిని అన్నాను. అది కాదు మేడమ్, ఎవరి గెస్టు అన్నాడు. ఎవరి గెస్టునీ కాదు అన్నాను. వెనక క్యూ పెరుగుతోంది. సరే, గీత పెట్టండి అన్నాడు. ఆ గడిలో గీత పెట్టాను. రత్నమాల గారింటి నుంచి తెచ్చిన అట్టపెట్టె భుజాన పెట్టుకుని నా వెనకే నిలబడ్డ ఫణి ఆ గీతని చూశాడు. పెట్టె రెండో భుజానికి మార్చుకున్నాడు.

ముప్పైమంది దాకా వచ్చారు. వెనక బల్ల మీద సమోసాలు మూతల కింద ఉన్నాయి, అందరి కళ్ళూ వాటి మీదే. రత్నమాల గారు నన్ను పరిచయం చేస్తూ, మన ఫణిగారి మేనత్తగారు అని మొదలుపెట్టి, నా చదువు, పుస్తకం చివర్లో కలిపింది.

తెలుగు వెలుగు చెప్పలేదు. తేనెటీగలే చెప్పాను. ఆ పోపు పురాతన దేవాలయం వసారా దూలాలకున్న కంచు ఊడదీయించి ఫిరంగులు పోయించిన సంగతి, కొండ మీద కట్టిన భవనం కప్పు మీద మనిషంత తేనెటీగల్ని గీయించిన సంగతి, పక్క రాజ్యం మీదికి అనవసరపు యుద్ధానికి పోయి ఖజానా ఖాళీ చేసిన సంగతి. ఆయన పోగానే ఊరు పండగ చేసుకుంది. కొత్త పోపు లెక్కలడిగితే అన్న కొడుకులు ఫ్రాన్సుకి పారిపోయారు. అక్కడితో అయిపోయిందా? కొన్నేళ్ళకి వీళ్ళ కుర్రాడికి ఆ కొత్త పోపుగారి వదిన మనవరాలిని చేసుకుని వియ్యంతో సర్దుకున్నారు. అక్కడ నవ్వారు. మనవాళ్ళకి వియ్యం అంటే వెంటనే అర్థమవుతుంది.

ఆ నవ్వు మీద దిగిపోవచ్చు. దిగబోయాను కూడా. ముందు వరసలో సాన్వి పక్కన ఫణి కూర్చుని ఉన్నాడు. ఇంకో మాట ఉందన్నాను. ఈ కుటుంబాన్ని తిట్టిన నాకు ఉద్యోగం ఇప్పించింది కాలేజీ కార్యదర్శిగా ఉన్న మా మేనమామ అని, నాతోపాటు ఇంటర్వ్యూకి వచ్చిన ఒకావిడకి నాకంటే ఎక్కువ మార్కులు, బంగారు పతకం ఉన్నాయని, ఇక్కడికి నన్ను పిలిపించింది మా మేనల్లుడని చెప్పాను. హాలు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నాకు హాయిగానే అనిపించాయని ఒప్పుకుంటున్నాను.

చివరి వరసలోంచి ఒకమ్మాయి లేచింది. పేరు లావణ్య, జగిత్యాల దగ్గరి పిల్ల, అక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట.

“మేడం, ఒక మాట అడుగుత, కోపం జేస్కోకుండ్రి. ఇదంత ఈడ మాకు జెప్తే ఏమొస్తది? మీ కాలేజిల జెప్పిన్రా?”

“చెప్పలేదు,” అన్నాను.

“మరి ఆడ జెప్పాలె గద.”

సమోసాల దగ్గర కూడా ఆ పిల్ల నన్ను వదల్లేదు. ఆ కుటుంబమే లేకపోతే ఆ కప్పు మీది చిత్రం ఎవరు గీయించేవాళ్ళు అని ఒకటి, పోపుకి పిల్లలుండకూడదని నియమం పెట్టడమే మీరు తిట్టాల్సిన అసలు సంగతి కదా అని ఇంకొకటి. రెండూ తప్పని గంటసేపు వాదించాను. పదేళ్ళలో ఈ పుస్తకం గురించి నాతో పోట్లాడిన మొదటి పరాయి మనిషి. ఫణి తాళంచెవితో పెట్టె కోసి పుస్తకాలు తీశాడు, మూల తడిసినది ఆ పిల్లే ఏరుకుంది. మీరు ఎవరి తాలూకమ్మా అని నోటిదాకా వచ్చింది. సమోసా కొరికి ఆపుకున్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర రిజిస్టరులో టైము వెయ్యాలి. నా గీత అలాగే ఉంది. దాని మీద తెలుగులో ‘ఫణి మేనత్త’ అని రాశాను. సెక్యూరిటీ పెద్దాయన పేజీ తిప్పి చూసి ఏం రాశారని అడిగాడు. మీరు అడిగిందే అన్నాను. ఫణి అప్పటికే ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు, ఆగమని కేకేశాను. గట్టిగానే.

ఇక స్టాఫ్‌రూముకి. నోటీసుబోర్డు మీది ఉత్తరం తీసేశాను, ఎందుకని ఎవరూ అడగలేదు. ఈ వ్యాసం అచ్చయ్యాక దాని చోట ఇది గుచ్చుతాను.

ఆ బంగారు పతకం ఆవిడ పేరు హైమవతి. ఇంటర్వ్యూ రోజున వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆకుపచ్చ సిరాతో రాసుకున్న నోట్సు నాకిచ్చి, ఒకసారి చూసుకోండి, ఇందులోంచి అడగొచ్చు అంది. అందులోంచే అడిగారు. నోట్సు తీసుకుంటూ ఆవిడని నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, మీరు ఎవరి తాలూకండీ అని.

ఎవరి తాలూకూ కాదండీ అంది. నాకప్పుడే ధైర్యం వచ్చింది.